పెరటి పుంజుకి మనిషి మీద కోపమెందుకు?

ఆత్రేయపురం పేరు వినగానే ఎవరికైనా పూతరేకులే గుర్తొస్తాయి. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సంక్రాంతి దగ్గరపడేసరికి మాత్రం ఈ చుట్టుపక్కల కొబ్బరితోటల్లో సందడంతా పుంజులదే. కాలికి తాడు కట్టి, ఒకదానికొకటి అందనంత ఎడంగా వాటిని నిలబెడతారు. తాడు తెగిందంటే పక్కదాని ప్రాణం తీసేదాకా ఊరుకోని జాతి అది. అదే పుంజుని పెంచేవాడు ఒళ్ళో పెట్టుకుని తొడలు పిసుకుతాడు, రెక్కలు విప్పి చూస్తాడు, ముక్కు తెరిచి గొంతులోకి తొంగిచూస్తాడు. అది కిమ్మనదు.

ఆ తోట పక్కింట్లో ఏడెనిమిది పెట్టలతో ఒక మామూలు నాటుపుంజు ఉంటుంది. పందెమంటే ఏమిటో దానికి తెలియదు. గ్యాస్ బండ తెచ్చిన కుర్రాణ్ణి గేటు దాకా తరుముతుంది. వాకిలి ఊడుస్తున్న కోడలి పిక్క మీద ఎగిరి తంతుంది. అత్తగారు వస్తే మాత్రం పక్కకి తప్పుకుంటుంది. “ఆవిడంటే దానికి భయమండీ, నేనంటే లోకువ” అని కోడలు వాపోతుంది. ఆమె మాటలో సైన్సు చాలానే ఉంది, ఆ సంగతి తర్వాత చూద్దాం.

పోరాటానికే పెంచిన పక్షి మనిషి చేతిలో ఒదిగి ఉండటమేమిటి? పెరట్లో గింజలేరుకునే పక్షి మనిషి మీదికి కాలు దువ్వడమేమిటి?

పొగరు అంతా ఒకటే అనుకుంటే

పుంజుకి ‘పొగరు’ అనే సరుకు ఒకటుందనీ, కొన్నింటికి ఎక్కువా కొన్నింటికి తక్కువా అనీ మనం అనుకుంటాం. ఈ లెక్క తప్పని చూపిన పరిశోధన ఒకటి కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో జరిగింది. మాంసపు కోళ్ళ పిల్లలను ఉత్పత్తి చేసే ఫారాల్లో పుంజులు పెట్టలను గాయపరుస్తున్నాయి, కొన్నిసార్లు చంపేస్తున్నాయి. బరువు కోసం తరాల తరబడి ఏరుతూ పోవడంలో, తెలియకుండానే కయ్యాలమారి జాతిని తయారుచేశామా అన్న అనుమానం వచ్చింది. సుజాన్ మిల్‌మన్, ఇయాన్ డంకన్ ఈ పుంజులను పందెం జాతి పుంజులతో పోల్చి చూసి, 2000లో ఫలితాలు ప్రచురించారు. పుంజు బొమ్మను ఎదురుగా పెడితే అందరికంటే ఎక్కువగా విరుచుకుపడింది పందెం జాతే. అవే పుంజులు పెట్టలతో మర్యాదగా ఉన్నాయి. పెట్టలను పొడిచి గాయపరిచింది మాంసపు జాతి.

సాటి పుంజు మీద చూపించే కోపం వేరు, పెట్ట మీద చూపించేది వేరు అని దీన్నిబట్టి తెలుస్తోంది. డేగ కనిపిస్తే చేసే ఆర్భాటం ఇంకోటి. మనిషి మీదికి రావడం మరోటి. వీటిలో ఒకటి పెంచినంత మాత్రాన మిగతావి పెరగవు.

మన పందెం పుంజుల్లో ఎక్కువ భాగం అసిల్ జాతి, లేదా దాని రక్తం కలిసినవి. ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా ప్రాంతాలు ఈ జాతికి పుట్టినిళ్ళు. పుంజు 4 నుంచి 5 కిలోలు తూగుతుంది. నిటారుగా నిలబడుతుంది. తలమీద జుట్టు బఠాణీ గింజల వరసలా చిన్నగా ఉంటుంది కాబట్టి ఎదుటి పుంజు ముక్కుకి దొరకదు. ఈ చిన్న జుట్టుకి కారణమైన జన్యుమార్పు ఏదో కూడా 2009లో తేలింది. శతాబ్దాలుగా ఈ జాతిని ఏరింది రెండు లక్షణాల కోసం. సాటి పుంజుని చూస్తే వెనక్కి తగ్గకూడదన్నది ఒకటి, అందరికీ తెలిసిందే. రెండోదాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు: మనిషి చేతిలో కుదురుగా ఉండాలి. కత్తి కట్టేటప్పుడు ఒకరు పుంజుని పట్టుకుంటారు, ఇంకొకరు దాని కాలి దగ్గర ముఖం పెట్టి దారం చుడతారు. ఆ సమయంలో మనిషి మీద తిరగబడే పుంజుతో ఎవరు పిల్లలు తీయిస్తారు? అలాంటిది కూరలోకే వెళ్ళేది. తరాలు గడిచేకొద్దీ మనిషి మీదికి వచ్చే గుణం ఆ వంశాల్లో పలచబడిపోయింది.

దీనికి విరుద్ధంగా కనిపించే ఉదంతం ఒకటుంది. 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా గొల్లపల్లి మండలంలో ఒక మనిషి తన పుంజు కాలికి కట్టిన కత్తి గజ్జల్లో దిగి చనిపోయాడు. పోలీసులు పుంజుని స్టేషన్‌లో కట్టేశారు. యజమానిని చంపిన పుంజు అంటూ దేశవిదేశాల పత్రికలు రాశాయి. పుంజు మాత్రం ఎవరి మీదా దాడి చెయ్యలేదు. చేతుల్లోంచి తప్పించుకోబోయి గింజుకుంది. కత్తి మనిషి కట్టినది. చట్టం సంగతి చెప్పాలంటే, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం జంతువులను పోరుకి ఉసిగొల్పడమే నేరం.

భయం పోయిన తర్వాత

అడవికోడి మనిషి మీదికి రాదు. ఆకు కదిలితే చాలు, పొదలోకి దూరుతుంది. మన కోళ్ళ పూర్వీకురాలు ఎర్ర అడవికోడి. మన దేశంలో సుమారుగా గోదావరికి ఉత్తరాన ఎర్ర అడవికోడి, దక్షిణాన బూడిదరంగు అడవికోడి ఉంటాయని పక్షిశాస్త్రజ్ఞులు చాలాకాలంగా చెబుతూ వచ్చారు. అంటే మనం రెండు అడవికోళ్ళ సరిహద్దులో కాపురముంటున్నాం. నాటుకోడి కాళ్ళలోని పసుపు రంగు బూడిదరంగు అడవికోడి నుంచే వచ్చిందని 2008లో జన్యుశాస్త్రం తేల్చింది. ఇది దారిలో తగిలిన ముచ్చట.

2022లో వచ్చిన మరో పరిశోధన కోడి మచ్చికకు వరి పొలాలతో ముడిపెట్టింది. థాయ్‌లాండ్‌లోని బాన్ నోన్ వాట్ అనే చోట దొరికిన సుమారు 3,500 ఏళ్ళ నాటి ఎముకలు ఖాయంగా పెంపుడు కోడివని చెప్పదగ్గ వాటిలో అన్నిటికంటే పాతవి. కళ్ళాల దగ్గర రాలిన గింజల కోసం అడవికోళ్ళు దిగివచ్చాయనీ, మనిషంటే భయం తక్కువున్నవి అక్కడే ఉండిపోయాయనీ ఆ వాదన. ఈ భయం వారసత్వంగా వస్తుంది. స్వీడన్‌లోని లింషోపింగ్ విశ్వవిద్యాలయంలో పెర్ యెన్సెన్ బృందం అడవికోళ్ళలో భయం తక్కువున్నవాటిని ఏరి జతకట్టిస్తే, కొన్ని తరాల్లోనే తేడా కనిపించింది.

మనిషి మీదికి రావాలంటే ముందు మనిషంటే భయం పోవాలి. భయం పోయినంత మాత్రాన దాడి చేయాలని లేదు. మనిషిని ఎలాంటి ప్రాణిగా లెక్కగడుతోందన్నదాన్ని బట్టి పుంజు ప్రవర్తిస్తుంది.

మనిషికి మందలో ఏ మెట్టు?

నార్వేలో థోర్లీఫ్ షెల్డెరుప్-ఎబ్బె అనే కుర్రాడు చిన్నప్పటి నుంచీ కోళ్ళను చూస్తూ పుస్తకంలో రాసుకునేవాడు. ఏ కోడి ఏ కోడిని పొడుస్తుందో, ఏది తిరిగి పొడవదో అందులో ఉండేది. పెద్దయ్యాక 1922లో దాన్ని ప్రచురించాడు. ప్రతి మందలోనూ ఎవరు ఎవరిని పొడవవచ్చన్న వరస ఒకటుంటుందని ప్రపంచానికి తెలిసింది అప్పుడే. పుంజులకి ఒక వరస, పెట్టలకి ఒక వరస. సాధారణంగా పుంజుల వరస పైన ఉంటుంది.

ఈ వరస వల్ల లాభమేమిటంటే, రోజూ కొట్టుకోనక్కరలేదు. ఒకసారి తేలితే ఆ తర్వాత చూపు చాలు. అందుకు ఒక షరతుంది: ఒకదాన్నొకటి గుర్తుపట్టగలగాలి. కోళ్ళు తల, జుట్టు, మెడ చూసి గుర్తుపడతాయి. మనుషులను కూడా విడివిడిగా గుర్తుపడతాయని ప్రయోగాల్లో తేలింది. అత్తగారికీ కోడలికీ తేడా పుంజుకి తెలుసు. అత్తగారు పిల్ల దశ నుంచీ దాన్ని గంప కింద మూసి, పట్టుకుని, గూట్లోకి తోసిన మనిషి. ఆవిడతో లెక్క ఎప్పుడో తేలిపోయింది. కోడలు పెళ్ళయి వచ్చేసరికి పుంజు పెద్దదైంది. ఆమెతో లెక్క ఇంకా తేలలేదు.

పుంజు తనకు తెలిసిన మర్యాదలన్నీ పాటించే కయ్యానికి దిగుతుంది. మొదట పక్కకి తిరిగి, ఒక రెక్క నేలకి దించి, అడుగులు చిన్నవి చేసి చుట్టూ తిరుగుతుంది. తర్వాత మెడ ఈకలు గొడుగులా విచ్చుకుంటాయి. ఒక్కోసారి మధ్యలో ఆగి, అక్కడ ఏమీ లేకపోయినా నేలను ముక్కుతో కొడుతుంది. పాపం ఆకలేమో అని మనం అనుకుంటాం. దూకాలా, పారిపోవాలా అని రెండు ప్రేరణలు సమానంగా లాగుతున్నప్పుడు జంతువులు ఇలా సంబంధం లేని పని చేస్తాయని జంతు ప్రవర్తన శాస్త్రజ్ఞుడు నికో టిన్‌బర్గెన్ వివరించాడు. పోట్లాటలో పుంజులు నేలను పొడవడం ఆయన చెప్పిన ఉదాహరణల్లో ఒకటి. ఇంకా నిర్ణయం కాలేదన్నమాట. మనం ఏం చేస్తామన్నది లెక్కకొచ్చేది ఆ రెండు మూడు క్షణాల్లోనే.

చాలామంది ఆ క్షణాల్లో రెండింట్లో ఒకటి చేస్తారు. వెనక్కి తిరిగి పరిగెడతారు, లేదా కాలితో తంతారు. వెన్ను చూపడమంటే కోళ్ళ లోకంలో ఓడిపోయానని ఒప్పుకోవడం. పుంజు గెలిచింది, రేపు కూడా వస్తుంది. గెలిచిన జంతువు తర్వాతి పోరుకి మరింత తొందరగా దిగడం, ఓడినది తప్పుకోవడం కోళ్ళలోనే కాదు, చేపల నుంచి క్షీరదాల దాకా కనిపించే సంగతి. తన్నడం ఇంకా చిక్కు. సాటి పుంజు కూడా కాలితోనే తంతుంది మరి. మీరు తన్నారంటే పోటీకి ఒప్పుకున్నట్టే. తన్ని, ఒక అడుగు వెనక్కి వేశారా, ఆట రసవత్తరంగా సాగుతోందని దానికి అర్థం. రోజూ కర్రతో బాదే ఇళ్ళలో పుంజులు కర్ర కనిపిస్తేనే మెడ విరుచుకోవడం చూస్తుంటాం. అది మొండితనమని తిట్టడం న్యాయం కాదు, నేర్పింది మనమే.

వెలుతురు తెరిచే లాకులు

ఆరేడు నెలల క్రితం చేతిలో ఒదిగిన పిల్ల ఇలా ఎందుకు మారింది? దీనికి తొలి సమాధానం దొరికింది కూడా పుంజుల్లోనే. 1849లో జర్మనీలోని గాటింగెన్‌లో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ ఆరు పుంజుపిల్లల మీద ప్రయోగం చేశాడు. వృషణాలు పూర్తిగా తీసేసినవి కూయలేదు, పోట్లాడలేదు, వాటి జుట్టు పాలిపోయింది. కొన్నింటికి తీసిన వృషణాన్ని కడుపులో వేరేచోట పెట్టాడు. నరాల సంబంధం తెగిపోయినా, అవి మామూలు పుంజుల్లా కూశాయి, కొట్టుకున్నాయి, పెట్టల వెంటపడ్డాయి. కోసి చూస్తే వృషణానికి కొత్త రక్తనాళాలు వచ్చి ఉన్నాయి. అంటే సందేశం నరాల ద్వారా వెళ్ళడం లేదు, రక్తంలో వెళుతోంది. హార్మోన్ల శాస్త్రానికి ఇదే పునాది. ఆ సందేశాన్నే తర్వాతి కాలంలో టెస్టోస్టిరోన్ అన్నారు. పుంజు జుట్టు ఎంత ఎర్రగా, ఎంత నిండుగా ఉందో చూస్తే రక్తంలో అది ఎంత పారుతోందో ఒక అంచనా దొరుకుతుంది.

దాన్ని పారించేది ఎవరు? ఆత్రేయపురం వాళ్ళకి దీన్ని చెప్పడం తేలిక, దగ్గర్లోనే లొల్ల లాకులున్నాయి. ధవళేశ్వరం నుంచి వచ్చిన మధ్య డెల్టా కాలువ నీరు అక్కడ పంపకమవుతుంది. లాకులు చూసుకునే లస్కరు పైన తలుపు ఎత్తితేనే కింది కాలువలోకి, అక్కణ్ణుంచి పంటబోదెలోకి, చివరికి చేలోకి నీరు చేరుతుంది. పుంజు తలలో లస్కరు పని పగటి వెలుతురుది. పక్షుల మెదడు అడుగున వెలుతురును పసిగట్టే కణాలుంటాయి. కంటితో పనిలేదు, పుర్రె ఎముకలోంచి వెలుతురు నేరుగా లోపలికి చేరుతుంది. ఈ సంగతి 1930లలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాక్ బెన్వా బాతుల్లో కనిపెట్టాడు. పగలు పొడుగవుతోందని ఆ కణాలు గ్రహించగానే మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథికి కబురు వెళుతుంది. అది రక్తంలోకి మరో కబురు వదులుతుంది. చివరికి వెన్నెముక కింద, మూత్రపిండాల పక్కన ఉన్న వృషణాలు పెరిగి టెస్టోస్టిరోన్‌ను పారిస్తాయి. చలిదేశపు పక్షుల్లో ఈ తలుపులు శీతాకాలంలో పూర్తిగా మూసుకుంటాయి.

మనకి ఏడాదిలో అతి పొడుగు పగటికీ అతి పొట్టి పగటికీ తేడా రెండు గంటలే. పైగా పెంపుడు కోళ్ళలో ఈ తలుపు కాస్త వదులైంది. రుతువుల లెక్కతో సంబంధమున్న ఒక జన్యువు దాదాపు అన్ని పెంపుడు కోళ్ళలోనూ మారి ఉందని 2010లో స్వీడన్‌లోని ఉప్సల శాస్త్రజ్ఞులు చూపించారు. మన పెట్టలు ఏ నెలలోనైనా గుడ్లు పెట్టడం వెనుక ఈ మార్పు ఉందని భావిస్తున్నారు. అయినా శీతాకాలం వెళ్ళి పగళ్ళు సాగేటప్పుడు పుంజులో చురుకు పెరుగుతుంది. అయిదారు నెలల నుంచి ఏడాది మధ్య వయసు కూడా అప్పుడే పడితే, ఇంట్లోవాళ్ళు ‘నిన్నటిదాకా బాగానే ఉంది, ఏమైందో’ అంటారు.

టెస్టోస్టిరోన్ ఒక్క వెలుతురుకే కదలదు. ఎదుట పోటీదారు కనిపించినప్పుడు కూడా చాలా పక్షుల్లో అది పెరుగుతుందని 1990లో జాన్ వింగ్‌ఫీల్డ్ బృందం ఒక సిద్ధాంతంగా చెప్పింది. కోళ్ళలో ఇది ఎంతవరకు వర్తిస్తుందన్న దాని మీద వాదనలున్నాయి. కోనసీమలో సంక్రాంతి ముందు ఒక పెరటి పుంజు పరిస్థితి ఊహించండి. గోడ అవతల తోటలో నాలుగు కొత్త పుంజులు కట్టేసి ఉన్నాయి. పొద్దున్నే కూస్తున్నాయి, కనిపిస్తున్నాయి, అందవు. అసలు శత్రువు అందనప్పుడు దగ్గరున్న మరొకరి మీద విరుచుకుపడటం జంతువుల్లో మామూలే. నీళ్ళబిందెతో అటు వచ్చిన మనిషి పిక్క ఆ ‘మరొకరు’ అయ్యే అవకాశం చాలా ఉంది. పందెం పుంజుకి కూడా శత్రువు అందడు, అయినా అది సాధారణంగా మనిషి మీదికి రాదు. ఎదుటి పుంజు ఎదుటి పుంజే, చేతిలో మేత పెట్టే మనిషి మనిషే.

ముద్దు చేసి చెడగొట్టిన పుంజు

ఇంక్యుబేటర్ పిల్లనో, తల్లి చచ్చిపోయిన పిల్లనో తెచ్చి, పిల్లలు ఒళ్ళో పెట్టుకుని, భుజమెక్కించుకుని ఒంటరిగా పెంచుతారు. మనిషి మీదికి వచ్చే పుంజుల్లో ఇలా పెరిగినవి తరచుగా కనిపిస్తాయి. ఆశ్చర్యపోనక్కరలేదు. పుట్టిన తొలి రోజుల్లో ఎవరి మధ్య ఉంటే వాళ్ళే తన జాతి అని కోడిపిల్ల మెదడు రాసుకుంటుంది. చిన్నప్పుడు అది ప్రేమలా కనిపిస్తుంది. యవ్వనం వచ్చాక తన జాతివాళ్ళతో పుంజు ఏం చేస్తుందో మనతోనూ అదే చేస్తుంది. మందకి దూరంగా చేత్తో పాలు పట్టి పెంచిన కోడెదూడలు పెద్దయ్యాక మనుషుల మీదికి ఎక్కువగా రావడం పరిశోధనల్లో నమోదైంది.

పందెం పుంజుని కూడా మనుషులే ముట్టుకుంటారు కదా అనవచ్చు. అది మాత్రం తల్లి వెంట, తోటిపిల్లల మధ్య తిరిగి తన జాతి ఏదో తెలుసుకున్నాకే మనిషి చేతికి వస్తుంది. ఆ తర్వాత రోజూ ఒకే తీరు: పట్టుకోవడం, ఈత కొట్టించడం, కాపడం, మేత. ఇందులో కవ్వింపు లేదు, మనిషి పారిపోవడం లేదు, గెలుపోటములు లేవు.

పెట్టె: తలకిందులుగా పట్టుకుంటే లొంగినట్టేనా?

సంతకి వెళ్ళే కోళ్ళన్నీ కాళ్ళు పైకి, తల కిందికి. పొగరు చేసిన పుంజుని కూడా అలాగే వేలాడదీస్తే బుద్ధొస్తుందని మన దగ్గర గట్టి నమ్మకం. నిజమే, కదలకుండా ఉంటుంది. కోడికి మనకున్నట్టు ఛాతీకీ కడుపుకీ మధ్య విభాజక పటలం లేదు. తలకిందులైతే కాలేయం, పేగులు గాలి సంచుల మీద పడి ఊపిరి బరువెక్కుతుంది. అలా పట్టుకున్న కోళ్ళ రక్తంలో ఒత్తిడి హార్మోను పెరిగినట్టు కొలిచి చూశారు. ఇక కదలకపోవడమంటారా, వేటాడే జంతువు చేతికి చిక్కినప్పుడు చచ్చినట్టు పడి ఉండే సహజ ప్రతిచర్య అది. 1646లోనే అథనేషియస్ కిర్హర్ అనే జెసూట్ పండితుడు కోడిని నేలకి అదిమి, ముక్కు ముందు సుద్దగీత గీస్తే అది కదలకుండా ఉండిపోవడాన్ని అద్భుత ప్రయోగమంటూ రాశాడు. గీతలో మహిమ లేదు, ఉన్నది భయం. భయంలో ఉన్న పక్షి ‘ఈ మనిషి ప్రమాదం’ అని మాత్రమే నేర్చుకుంటుంది. అలాంటిది మూలకి చిక్కితే మళ్ళీ తంతుంది.

పెరట్లో చేయదగ్గవి

ముందు పిల్లల సంగతి. నాలుగేళ్ళ పిల్ల ముఖం పుంజు ఎగిరే ఎత్తులోనే ఉంటుంది. దెబ్బ కంటికి తగలవచ్చు. ఒకసారి మనిషి మీదికి వచ్చిన పుంజు ఉన్న పెరట్లోకి చిన్నపిల్లలను ఒంటరిగా పంపకండి. దీనికి మినహాయింపు లేదు. కాళ్ళలో రక్తనాళాలు ఉబ్బిన పెద్దవాళ్ళు కూడా దూరంగా ఉండాలి. దక్షిణ ఆస్ట్రేలియాలో గుడ్లు ఏరుతున్న ఒక వృద్ధురాలి కాలి మీద ఉబ్బిన రక్తనాళాన్ని పుంజు పొడిస్తే, రక్తస్రావంతో ఆమె చనిపోయిన ఉదంతాన్ని 2019లో వైద్య పత్రిక ఒకటి ప్రచురించింది.

పుంజు రెక్క దించి చుట్టూ తిరగడం మొదలుపెట్టగానే నిలబడండి. దానివైపే తిరిగి ఉండండి. ముందుకి దూకొద్దు, వెనక్కి అడుగు వెయ్యొద్దు. చేతిలో చేటో, గంపో, కొబ్బరి మట్టో ఉంటే మోకాళ్ళకి అడ్డంగా పట్టుకోండి. కొట్టడానికి కాదు. అది ఎగిరి తన్నినా మనిషికి తగలదు, మనిషి కదలలేదు, పోరు జరగలేదు. అది మొహం తిప్పి నేలను గీరుకోవడం మొదలెట్టాక మీ పని చూసుకుంటూ నెమ్మదిగా కదలండి. ఇంట్లో ఒకరు ఇలా చేసి, మరొకరు రోజూ తన్నుతుంటే ఫలితం ఉండదు. చాలా ఇళ్ళలో చెడేది ఇక్కడే. మగవాళ్ళు, ముఖ్యంగా చుట్టపుచూపుగా వచ్చిన బావగార్లు, సరదాకి రెచ్చగొట్టి వెళ్ళిపోతారు. తర్వాత తన్నులు తినేది ఇంటి ఆడవాళ్ళు.

పట్టుకోవాల్సి వస్తే చీకటి పడ్డాక పట్టుకోండి. మసకలో కోడి చూపు చాలా మందం. గూట్లోంచి రెండు చేతులతో రెక్కలు కలిపి తీసి, చంకలో ఇరికించుకుని, బిగువు సడలేదాకా ఉంచి దింపండి. ఇలా కొన్నాళ్ళు చేస్తే మనిషి చేయి తగలడం దానికి మామూలైపోతుంది. పందెం పుంజుకి జరిగేది కూడా ఇదే. పెట్టను పట్టాల్సి వచ్చినా రాత్రే పట్టాలి. పగలు పుంజు ఎదుట పెట్ట కెవ్వుమంటే పుంజు మీదికి రావడం దాని ధర్మం.

గింజలు విసరడం కూడా ఉపాయమే, కాకపోతే ఎప్పుడన్నది ముఖ్యం. పుంజు ప్రశాంతంగా ఉన్నప్పుడు, మీరు వస్తూనే, దూరంగా నాలుగు గింజలు చల్లితే మనిషి రాకకీ మేతకీ ముడిపడుతుంది. మీదికి వచ్చాక బుజ్జగించడానికి చల్లితే, తన్నినందుకు బహుమతి ఇచ్చినట్టు. ‘వేసినా తంతోందండీ’ అనేవాళ్ళలో చాలామంది ఈ రెండో పనే చేస్తుంటారు.

పక్కతోటలో కట్టేసిన పుంజులు కనబడకుండా కొబ్బరాకుల దడి కడితే సగం గొడవ తగ్గవచ్చు. కూత ఎలాగూ వినపడుతుంది, దానికేం చేయలేం. ఒక పుంజుకి ఎనిమిది, పది పెట్టలుండాలి. నాలుగు పెట్టలకి రెండు పుంజులుంటే పుంజులు కొట్టుకుంటాయి, పెట్టల వీపుల మీద ఈకలుండవు. మేత రెండు మూడు చోట్ల పెడితే వరసలో కింద ఉన్నవి కూడా తింటాయి.

కాలి ముల్లు గురించి ఒక మాట. అది గోరు లాంటిదనుకుని మొదలంటా కోసేవాళ్ళున్నారు. పైన గట్టి తొడుగే గానీ లోపల రక్తనాళాలున్న ఎముక ఉంటుంది. కోస్తే రక్తం ఆగదు. మొన మాత్రం ఆకురాయితో గుండ్రంగా అరగదీస్తే చాలు. బెర్తోల్డ్ చేసిన పనిని ఇంట్లో చేయబోవడం మాత్రం ఘోరం. వృషణాలు కడుపు లోపల వెన్నెముకకి ఆనుకుని ఉంటాయి.

పెట్టె: దెబ్బ తగిలితే

ముల్లు దెబ్బ పైకి చిన్న చిల్లులా ఉంటుంది, లోతు ఎక్కువ. మట్టీ పెంటా తొక్కిన కాలు అది. సబ్బుతో, ధారగా పోసే నీటితో బాగా కడగాలి. ధనుర్వాతం సూది సంగతి డాక్టరుని అడగాలి. కంటికి, కీలుకి తగిలినా, వాపు పెరిగినా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. కోడి వల్ల రేబిస్ రాదు, అది పాలిచ్చే జంతువుల జబ్బు. మందలో ఉన్నట్టుండి కోళ్ళు చనిపోతుంటే మాత్రం వాటిని ముట్టుకోకుండా పశువైద్యుడికి కబురు పెట్టాలి. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ బయటపడింది. ఆ ఊళ్ళు మనకి దూరం కాదు.

మారని పుంజుని తీసేశాక

రెండు మూడు నెలలు ఓపికగా చేసినా మారని పుంజులుంటాయి. అలాంటిదాన్ని ఇంకొకరికి అంటగట్టడం కంటే కూరకి ఇవ్వడమే మర్యాద. దానికంటే ముఖ్యమైనది, దానితో జతకట్టిన పెట్టల గుడ్లు పొదిగించకపోవడం. భయం లేకపోవడం వారసత్వంగా వస్తుందని చూశాం. పందెంవాళ్ళు చదువుకోకుండానే పాటించిన సూత్రం ఇది. పెరటి కోళ్ళలో ఎవరూ పట్టించుకోరు. ఏ పుంజు బలంగా కనిపిస్తే దాని పిల్లలే ఊరంతా తిరుగుతాయి.

ఉన్న ఒక్క పుంజుని తీసేస్తే మందకి నష్టం లేదనుకోకండి. గుడ్లకి పుంజుతో పనిలేదు, నిజమే. ఆకాశంలో గద్ద కనిపిస్తే ఒక కేక, నేల మీద కుక్కో ముంగిసో వస్తే వేరే కేక పెట్టి పెట్టలను హెచ్చరించేది పుంజే. పరిశోధకులు క్రిస్ ఎవాన్స్, పీటర్ మార్లర్ ఆ కేకలను రికార్డు చేసి, ఏమీ లేనప్పుడు వినిపించారు. గద్ద కేకకి పెట్టలు నక్కి పైకి చూశాయి, నేల కేకకి మెడ నిక్కించి చుట్టూ చూశాయి. లంకల్లో ముంగిసలు తిరిగే చోట ఇది చిన్న సేవ కాదు.

పెరట్లో రెండో పుంజు ఉంటే కాస్త కనిపెట్టి ఉండాలి. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయంలో త్సుయోషి షిమ్మురా, తకాషి యోషిమురా పుంజుల కూతను ఏళ్ళ తరబడి గమనించారు. వెలుతురు మారని మసక గదిలో పెట్టినా లోపలి గడియారం ప్రకారం అవి వేళకి కూశాయని 2013లో రాశారు. మందలో ఎప్పుడూ పై మెట్టు పుంజే ముందు కూస్తుందనీ, మిగతావి తమ వరస ప్రకారం ఆగి ఆగి అందుకుంటాయనీ 2015లో రాశారు. పై పుంజుని తీసేస్తే రెండోది తొలికూత అందుకుంది. అంతవరకు పెరట్లో ఓ మూల ఒదిగి తిరిగిన పుంజు ఒక తెల్లవారుజామున అందరికంటే ముందు కూసిందంటే, మీతో లెక్క తేల్చుకోవడానికి అది ఎప్పుడైనా రావచ్చు. ఆ రోజు నుంచి వాకిలి ఊడ్చేటప్పుడు చేట దగ్గర పెట్టుకోండి.